జాడీలో పడ్డ నీళ్ళు

మా ఇంట్లో మామిడికాయ ఊరగాయ పెట్టే రోజున నీళ్ళ చెంబు వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచి, అప్పటికీ నమ్మకం చాలక మా అమ్మ ఒక్కొక్క కాయను చెంపకు ఆనించుకుని తడి ఉందేమో చూస్తుంది. చిన్నప్పుడు నన్ను అంత దగ్గరికి తీసుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అలాంటి ఇంట్లోకి మా వదిన వచ్చి, ఊరగాయలో పోయడానికి నీళ్ళు అడిగింది.

వదిన పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఆ దీవికి పోయినవాడు. మా అన్న కరెంటు పనికని పోయి, అక్కడే ఉండిపోయి, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి అమ్మ పోలేదు. సముద్రమంటే భయమని అందరికీ చెప్పింది. నాతో మాత్రం, "జైలుకు పేరుబడిన ఊర్లో సంబంధం యాడ దొరికిందిరా వీనికి" అన్నది.

తర్వాత పావగడ తాలూకాలో, మా ఊరి పక్కన తిరుమణి చుట్టూ సోలార్ ప్యానెళ్ళు పరుచుకున్నాయి. కరెంటు పని తెలిసినవాడికి ఇంటి దగ్గరే ఉద్యోగం దొరికే రోజులు వచ్చాయి. అన్న వదినను వెంటబెట్టుకుని తిరిగొచ్చి ఒక ప్లాంటులో ఇన్వర్టర్ గదిలో చేరాడు. అదే ప్లాంటులో నేను అప్పటికే ప్యానెళ్ళు కడుగుతున్నాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి ఇంతకంటే తళతళలాడే పని దొరకదు. మా వేరుశనగ చేను కూడా ఆ ప్యానెళ్ళ కిందే ఉంది. చెనిక్కాయలు పీకిన చోటనే ఇప్పుడు అద్దాలు తుడుస్తాను. నడుము వంచాల్సిన పని లేదు, అంతే తేడా.

వదిన వచ్చింది ఎండలు ముదిరే వేళ. సంతలో పచ్చి మామిడి అప్పుడే దిగుతోంది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు అడుగుపెట్టిన ఏడు, ఊరగాయ జాడీకి తొలి పిడికెడు ఉప్పు ఆమె చేతనే వేయిస్తారు. వాడకట్టులోని ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చుని చూస్తారు. ఆ కాయ ఏడాది నిలిస్తే ఆ చెయ్యి మంచిదని పేరు. ఆ తర్వాత ఎవరింట్లో కాయ పెట్టినా, పెళ్ళికి అప్పడాలు ఒత్తినా ఆమెకు పిలుపు వస్తుంది. నిలవకపోతే పిలుపు రాదు. ఎవరూ తిట్టరు. పిలవరు, అంతే. పెళ్ళయి ఆరేళ్ళయినా మా ఇంటికి వదిన కొత్త కోడలే కాబట్టి, ఆ ఏటి ఉప్పు ఆమెది.

ఈ సంగతి అన్న ముందే చెప్పాడేమో, వచ్చిన పది రోజులకే ఆమె ఉత్సాహపడింది. పెద్ద జాడీ పెట్టేలోగా తన చెయ్యి ఏమిటో అత్తకు చూపించాలనుకుంది.

"అత్తయ్యా, మా దీవిలో సేసుకునే కాయ ఒకటి సేస్తానండి. మూడు రోజులకే ఊరిపోద్ది."

"మూడు దినాలకా? ఎన్నాళ్ళుంటాది?"

"వారం, పది రోజులు. ఈలోగా తినెయ్యాలండి."

అమ్మ నా వైపు తిరిగింది. "పది దినాల్లో అయిపోయేదాన్ని ఊరగాయ అనరప్పా. కూర అంటారు."

"కూర కాదు మా, చుట్టం," అన్నాను. "పది దినాలకన్నా ఎక్కువుంటే మురుగుతాది."

వదిన నవ్వింది. అప్పటికి నా మాటలకు నవ్వేది.

ఆ దీవిలో ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చికాయ చెట్టుకు ఉంటుందట. అందుకని వాళ్ళకు దాచుకునే బాధ లేదు. కాయ చెక్కు తీసి, వేలంత ముక్కలు కోసి, చీల్చిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిటికెడు చక్కెర వేసి, ఉప్పు కలిపి కాచి చల్లార్చిన నీళ్ళూ వెనిగరూ పోసి సీసాలో పెట్టేస్తారు. నూనె లేదు, మెంతి లేదు, ఆవపిండి లేదు. వెనిగరు కోసం నేను పావగడ బస్టాండు దగ్గర గోబి మంచూరి బండివాడిని బతిమాలి అర సీసా తెచ్చాను. ఊరగాయకని చెబితే వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, డబ్బు తీసుకోకుండానే ఇచ్చాడు.

వదిన ముక్కలు కోసి, చిన్న జాడీలో మిరపకాయలతో కలిపి పెట్టింది. ఇంతలో అన్న తొందరపెట్టాడు. రేషన్ కార్డులో ఆమె పేరు ఎక్కించడానికి పావగడలో వేలిముద్ర వేయాలి. ఆమె చెప్పులు వేసుకుంటూ వాకిట్లోంచి చెప్పింది:

"అత్తయ్యా, ఉప్పు నీళ్ళు బాగా మరిగించి సల్లార్సి ఉంచండి. వచ్చి పోసేస్తాను."

"ఉప్పు నీళ్ళా?"

"అవునండి, ఉప్పు నీళ్ళే."

"ఎన్ని?"

"రెండు చెంబులు సాలు."

నేను అక్కడే గోడకు ఆనుకుని బీడీ వెలిగించుకుంటున్నాను. ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాను. నాకూ ఏ అనుమానమూ రాలేదు.

మధ్యాహ్నం వదిన తిరిగొచ్చేసరికి నీళ్ళు కాగి, చల్లారి, మూత కింద ఉన్నాయి. వెనిగరు కలిపి జాడీలో పోసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకోబోతే అమ్మ గట్టిగా అరిచింది.

"ఎంగిలి! ఊరగాయ పెట్టేటప్పుడు రుచి చూడరాదమ్మణ్ణీ, చెడిపోతాది."

వదిన వేలు తుడిచేసుకుంది.

నాలుగో రోజు ఆమె నలుగురు ఆడవాళ్ళను పిలిచింది. అందులో మా పెద్దమ్మ ఒకతె. సొంత పెద్దమ్మ కాదు, పక్కింటావిడ. నిడుగల్లు నుంచి కోడలిగా వచ్చి మా ఊళ్ళో ముసలిదైంది. మా చుట్టుపక్కల ఏ జాడీలో చెయ్యి పెట్టాలన్నా ముందు ఆమె చెయ్యే. వదిన తళియలో అన్నం వడ్డించి, జాడీ నడుమ పెట్టి, మూత తీసింది.

పైన తెల్లటి పొర. దాని కింద ముక్కలు రాత్రంతా నీళ్ళలో నానిన బట్టల్లా మెత్తబడి ఉన్నాయి. వాసన గురించి చెప్పను, మీరు భోంచేసి ఉండొచ్చు.

పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏమ్మా, ఇది ఊరిందా, మురిగిందా?"

పక్కనున్నావిడ తన తళియ కాస్త వెనక్కి జరుపుకుంది. వదిన జాడీలోకే చూస్తోంది. అలాంటి నిశ్శబ్దంలో నోరు మూసుకుని ఉండటం నాకు పుట్టుకతో రాదు.

"మన చేన్లో ఎనిమిది నూర్ల అడుగులు తోడించినా చెమ్మ తగల్లేదు కదా పెద్దమ్మా," అన్నాను. "మా వదిన చూడు, ఒక్క జాడీలోనే మూడంగుళాల నీళ్ళు పడేసింది."

బోరులో పడ్డ నీళ్ళను అంగుళాల్లో కొలిచే పావగడ తాలూకాలో బోరు మీద జోకు వేస్తే నవ్వని మనిషి ఉండడు. బోర్లలో పోగొట్టుకోని ఇల్లు లేదు కనుక, అందరికీ ఆ నవ్వు మీద హక్కు ఉంది. పెద్దమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మిగతావాళ్ళు గోడ పట్టుకున్నారు. అమ్మ కూడా నవ్వింది. నాకు మహా సంతోషంగా ఉండింది, దాచడమెందుకు.

సాయంత్రానికి ఆ మాట పాల డైరీకి చేరింది. మర్నాడు ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్ "ఏమప్పా, ఎన్ని అంగుళాలు?" అన్నాడు. మూడో రోజు మంగళవాడ నుంచి మా మేనమామ ఫోన్ చేసి అమ్మ మీద అలిగాడు.

"అక్కా, బోరు పడిందంట మీకు. మూడంగుళాలంట. నాకొక మాట చెప్పల్యా? నేనేమన్నా నీళ్ళడుగుతానా?"

అమ్మ విషయం విడమరిచి చెప్పేసరికి ఫోన్ అవతల ఇల్లంతా నవ్వడం మాకు వినిపించింది. అమ్మ ఈసారి నవ్వలేదు. ఫోన్ పెట్టేసి, ఎవరి వైపూ చూడకుండా, "ఈ ఏడు పెద్ద జాడీకి ఉప్పు అక్క చేత వేయిస్తాం," అన్నది. అక్క అంటే పెద్దమ్మ.

వదిన జాడీ కడిగి ఎండలో బోర్లించి వచ్చింది. నేను నులక మంచం మీద కూర్చుని ఉన్నాను. నా ఎదుట నిలబడి మామూలు గొంతుతో అడిగింది:

"మరిదీ, నువ్వు మాట్లాడితే జనం నవ్వుతారు. నాను మాట్లాడినా నవ్వుతారు. ఆ రెండు నవ్వులకూ తేడా తెలుసా నీకు?"

నేను మంచం నులక సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. ఆమె యాస విని వాడకట్టులో పిల్లలు 'ఏటి, ఏటి' అంటూ వెంటపడుతున్న సంగతి నాకు తెలుసు. ఇప్పుడు దానికి తోడు నేను ఇంకొకటి ఇచ్చాను. మాటను వెనక్కి తీసుకోవాలని రెండుసార్లు చూశాను కూడా. "అదేం ల్యా, ఉత్తినే అన్నాను" అంటే జనం ఇంకాస్త నవ్వారు. జోకు వేసినవాడు వద్దంటే అది రెండో జోకు అవుతుంది.

ఇలా రెండు వారాలు గడిచాయి. పెద్ద జాడీకి రోజు దగ్గర పడింది. వదిన ఆ ఊసు ఎత్తలేదు. బజారుకు పోతే తల వంచుకుని పోయి వచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురం అన్నానికి కూర్చున్నాం. ప్లాంటులో ముందురోజు జరిగిన గొడవ నేను చెబుతున్నాను. ప్యానెళ్ళు కడగడానికి మాకు ఫిల్టర్ చేసిన నీళ్ళే వాడాలి. ఫిల్టర్ నీళ్ళు మా ఇంట్లో తాగడానికి రోజుకు ఒక క్యాను, ప్యానెళ్ళకు మాత్రం ట్యాంకర్లకు ట్యాంకర్లు. కొత్తగా వచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ తెలియక బోరు దగ్గర ట్యాంకు నింపుకొచ్చాడు. కడిగిన నాలుగు వరసలూ ఆరేసరికి సున్నం కొట్టినట్టయ్యాయి. హుబ్బళ్ళి వైపు నుంచి వచ్చిన మా సూపర్‌వైజరు కన్నడంలో గంతులేశాడు.

"వాడు ఎగిరేది చూడాల మీరు," అన్నాను. "ఉప్పు నీళ్ళు ఎవడ్రా కొట్టింది, ఉప్పు నీళ్ళు ఎవడ్రా కొట్టింది అని ఒకటే అరుపు."

వదిన కలుపుకుంటున్న ముద్ద ఆపింది. "అయ్యో, అద్దాల మీద ఉప్పు నీళ్ళెందుకు కొట్టాడు? అన్ని నీళ్ళలో ఎంత ఉప్పు కలిపాడో పాపం!"

"ఉప్పు కలిపేదేంది వదినా? ఉప్పు నీళ్ళంటే బోరు నీళ్ళు. మన వాకిట్లో కొళాయిలో వచ్చేవి ఉప్పు నీళ్ళు. క్యానులో తెచ్చేవి తియ్య నీళ్ళు."

"మరి ఉప్పేసిన నీళ్ళను ఏటంటారు?"

"ఉప్పేసిన నీళ్ళంటారు."

ఇది కూడా నేను జోకులాగే అన్నాను. కానీ ఎవరూ నవ్వలేదు. వదిన తళియలోంచి తలెత్తి అమ్మ వైపు చూసింది. అమ్మ చెయ్యి చారు గిన్నెలో గరిటె మీద ఉండిపోయింది. అన్న ఒక్కడే ఏమీ అర్థంకాక తింటూ పోతున్నాడు.

"అత్తయ్యా," అన్నది వదిన నెమ్మదిగా, "ఆ రోజు మీరు మరిగించిన నీళ్ళు..."

"అన్నం ఆరిపోతాది. తినండి," అన్నది అమ్మ.

అప్పుడు నాకు మొత్తం కళ్ళకు కట్టింది. వాకిట్లో చెప్పులేసుకుంటూ వదిన చెప్పిన మాట, 'ఉప్పు నీళ్ళా' అని అమ్మ రెట్టించి అడగడం, 'ఉప్పు నీళ్ళే' అని ఆమె ఖాయం చేయడం. చుట్టూ సముద్రం ఉండే మనిషికి ఉప్పు నీళ్ళంటే ఉప్పున్న నీళ్ళు. మా అమ్మకు ఉప్పు నీళ్ళంటే గిన్నెలకు, పశువులకు వాడే నీళ్ళు. తాగే నీళ్ళు వృథా చేయకుండా వాడకం నీళ్ళు అడిగిందని ఆ రోజు కోడలిని లోపల మెచ్చుకుని కూడా ఉంటుంది. రెండు చెంబుల బోరు నీళ్ళు శ్రద్ధగా కాచి పెట్టింది. ఆ జాడీలో ఒక్క ఉప్పు గింజ పడలేదు. రుచి చూస్తే తెలిసిపోయేది, ఎంగిలి అని అదీ చూడనివ్వలేదు.

చేతులు కడుక్కుంటున్నప్పుడు నేను వదినతో అన్నాను. "సాయంత్రానికి ఊరంతా చెప్పేస్తాను. చూడు, పెద్దమ్మతోనే మొదలుపెడతా."

"వద్దు," అన్నది. "నువ్వు సెప్తే అదీ జోకే అయిపోద్ది. ఈసారి అత్తయ్య మీద. నాకది వద్దు."

"మరెట్లా?"

"ఆవిడ సెప్పాలి. సెప్పకపోతే లేదు."

మా అమ్మ తప్పు ఒప్పుకున్న సందర్భం నా ఎరుకలో ఒక్కటీ లేదు. ఆ మాటే వదినతో అన్నాను. ఆమె తువ్వాలు నా చేతికిచ్చి లోపలికి పోయింది.

రెండు రోజుల తర్వాత ఆమె మళ్ళీ దీవి కాయ చేసింది. ఈసారి ఉప్పు తనే వేసుకుంది. తియ్య నీళ్ళు కాచి, కల్లుప్పు కరిగించి, గరిటెతో అరచేతిలో పోసుకుని, వంటింటి బయటికి పోయి నాకింది.

"సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తాది?" అని అడిగాను.

"నోట్లో ఏసుకుంటే మనకి ఈత రాదని గుర్తుకు రావాలి," అన్నది. "అప్పుడు సరిపోయినట్టు."

అమ్మ గడప దగ్గర చేట పెట్టుకుని కందిబేడలు ఏరుతోంది. ఎన్నిసార్లు ఉప్పు పడిందో లెక్కపెట్టుకున్నట్టే ఉంది గానీ ఏరడం ఆపలేదు. మూడో రోజుకు ముక్క పళ్ళ కింద కరకరలాడింది. ముందు పులుపు, వెనక ఉప్పు, మింగేశాక ఎక్కడినుంచో వచ్చి చెవులు మండించే కారం. నేను ఒక డబ్బా నింపుకుని ప్లాంటుకు పట్టుకుపోయాను. సూపర్‌వైజరు రెండు చపాతీలకు సగం డబ్బా ఖాళీ చేశాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే వదిన సంతోషించింది గానీ, ఎంత సంతోషించాలో అంతే. ఊరగాయ విషయంలో మగవాళ్ళ మెప్పు మా ఊళ్ళో చెల్లదు. పెద్దమ్మకు గిన్నెలో పంపితే, పళ్ళు పులిసిపోతాయని తిప్పి పంపింది.

పెద్ద జాడీ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆరుగురు ఆడవాళ్ళు మా పంచలో కూర్చున్నారు. ఒకరు కాయలు కొడుతున్నారు, ఇద్దరు టెంకలోని జీడి తీసి పొర గీకుతున్నారు. వదినకు ముక్కలు తుడిచే పని ఇచ్చారు. జాడీకి అందనంత దూరంలో, గుమ్మం పక్కన కూర్చుంది. కారం, ఆవపిండి, గానుగ నూనె వరసగా పెట్టి ఉన్నాయి. ఉప్పు తళియ పెద్దమ్మ ఒడి ముందర ఉంది. నేను బరువులు దించిపెట్టే నెపంతో అక్కడే నిలబడ్డాను.

ముక్కలు పెద్ద గంగాళంలోకి చేరాయి. పెద్దమ్మ గాజులు పైకి తోసుకుని ఉప్పులో చెయ్యి పెట్టింది.

"అక్కా," అన్నది అమ్మ. "తళియ దాని ముందరికి జరుపు."

"ఎవరి ముందరికి?"

"ఇంగెవరు, నా కోడలి ముందరికి."

పెద్దమ్మ చెయ్యి తీయలేదు. "ఆలోచించుకోమ్మా. ఏడాది కాయ. మళ్ళా నీళ్ళు పడితే?"

ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన తలెత్తలేదు, చేతిలోని ముక్కనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"ఆ నీళ్ళు పడేసింది నేను," అన్నది అమ్మ.

కాయలు కొట్టే చప్పుడు ఆగింది.

"అది ఉప్పు నీళ్ళు కాంచి పెట్టమనె. నేను బోరు నీళ్ళు కాంచి పెడితి. అది అడిగింది ఉప్పేసిన నీళ్ళు. నాకు తెల్ల్యా. దాంట్లో ఉప్పే ల్యా అక్కా. రుచి చూసుకుంటాననె, ఎంగిలని అదీ చూడనీల్యా. ఉప్పు ల్యాకపోతే ఇంగ నువ్వు పెట్టినా మురుగుతాది, నేను పెట్టినా మురుగుతాది."

అంతా ఒక్క ఊపిరిలో, కాయల రేటు చెబుతున్నట్టు చెప్పేసింది. మొహం మాత్రం చెంప నుంచి చెవి దాకా ఎర్రబడింది. పెద్దమ్మ కాసేపు లెక్క వేసుకుంది.

"అంటే, బోరు తోడించింది నువ్వా?"

అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, నేను నోరు తెరవడమే ఆలస్యం. మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా, ఒకటి కాదు, మూడు. వాటిలో రెండోది ఇప్పటికీ బాగుందనిపిస్తుంది. గంగాళంలోంచి ఒక పుల్లటి ముక్క తీసి నోట్లో వేసుకుని, నమలడం మొదలుపెట్టాను.

"ఏందిరా, మాట్లాడు," అన్నది అమ్మ. "ఇన్ని దినాలు మాట్లాడితివి కదా."

"ఏముండాది మా," అన్నాను, "పొద్దెక్కుతాండాది. ఉప్పు వెయ్యమను."

పెద్దమ్మ నన్నూ, అమ్మనూ, వదిననూ వరసగా చూసింది. తర్వాత ఉప్పులోంచి చెయ్యి తీసి, దులిపి, తళియను రెండు చేతులతో పట్టుకుని వదిన ముందు పెట్టింది. వదిన పీట వదిలి, తళియతో గంగాళం దగ్గరికి వచ్చి కూర్చుని, చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. తడి లేదని అమ్మకు అరచేతులు చూపించింది. అమ్మ తల ఊపింది. వదిన దోసిలి నిండా ఉప్పు తీసింది.

"పిడికెడంటే ఒక చెయ్యి తల్లీ," అన్నది పెద్దమ్మ. "మీ సముద్రంలో కొలతలు ఈడ పనికిరావు."

వదిన సగం తళియలోకి వదిలేసి, మిగతా సగం ముక్కల మీద చల్లింది.

"చాల్దు, ఇంగొంచెం," అన్నది అమ్మ.

"చాలుతాది," అన్నది పెద్దమ్మ. "కాయ పులుపు తక్కువుండాది."

"ఏం చాలుతాది అక్కా, పోయిన ఏడు నువ్వేసి చప్పగా తగలడ్ల్యా?"

"చప్పగానా! నేను పెట్టింది చప్పగానా?"

ఇక ఆ గొడవ తేలేది కాదు. కాయలు కొట్టడం మళ్ళీ మొదలైంది. నడుమ వదిన, ఒక చేత్తో ఉప్పు పట్టుకుని, ఎవరు ముందు ఒప్పుకుంటారా అని ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంది. గుమ్మం పక్కన ఆమె పీట ఖాళీగా ఉండటం చూసి ఇంకొకావిడ దాన్ని లాక్కుని కూర్చుంది. మగవాడివి ఇక్కడ నీకేం పని అని నన్ను వెళ్ళగొట్టారు.